ఉప్పూ కారం తినని నాలుకక్క

ఈ నీళ్లలో ఏదో ఉండి, అది నా కంటికీ నా మిషన్లకీ దొరక్కుండా తప్పించుకుని, నేరుగా మా పాప గ్లాసులోకి వెళ్లిపోతే?

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు ఇదే భయం. పగలంతా నీళ్లు పరీక్ష చేస్తాను. సాయంత్రం ఇంటికెళ్లి అవే నీళ్లు రెండుసార్లు కాచి, చల్లార్చి, వడగట్టి పాపకి తాగిస్తాను. "నువ్వు పాస్ చేసిన నీళ్లే కదే ఇవి! నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఇక ఊరివాళ్ల సంగతేంటి?" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. రసాయనశాస్త్రం చదువుకున్నవాళ్లకి నీళ్లలో ఏమేం ఉండవచ్చో మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ తెలుసు. ఆ తెలిసినదాంతో ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మాది ఊరికి మంచినీళ్లు పంపే కేంద్రంలో చిన్న ల్యాబు. క్లోరిన్ ఎంత ఉంది, మడ్డి ఎంత ఉంది, పులుపు ఎంత, ఉప్పదనం ఎంత అనేవి నా మిషన్లు అంకెల్లో చెబుతాయి. కానీ జనం అంకెలు తాగరు కదా. గ్లాసు నోటి దాకా తెచ్చుకున్న మనిషి ముక్కు చిట్లిస్తాడా, గడగడా తాగేస్తాడా అన్నది చెప్పడానికి మా దగ్గర ఒకే ఒక్క పరికరం ఉంది. దానికి యాభై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి. జడ వేసుకునే ఓపిక లేక ముడి చుట్టుకుంటుంది. అందరూ నాలుకక్క అంటారు.

నాలుకక్క ఇక్కడికి సీసాలు కడగడానికి వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఊళ్లోని కుళాయిల నుంచి తెచ్చిన నీళ్ల సీసాలు ఖాళీ చేసి, కడిగి, బోర్లించడం పని. ఒకరోజు ఒక సీసా మూత తీసి, "ఇందులో తడిసిన కుక్కపిల్ల వాసనొస్తోంది సార్" అందట. అప్పుడు పై అధికారిగా ఉన్న పెద్దాయన ఆమెను కసురుకోకుండా ఆ సీసా ఎక్కడిదో వెతికించాడు. ఆ వీధి పైపులో నాచు పట్టి ఉంది. తర్వాత ఆయన ఎనిమిదేళ్లు ఆమె చేత వాసనలు చూపించి, రుచులు పట్టించి, ఆఖరికి సీసాల పని మాన్పించి రిజిస్టరు చేతికిచ్చాడు.

గాజు కుప్పెలో నీళ్లు పోసి, గోరువెచ్చగా చేసి, గట్టిగా కుదిపి, బిరడా తీసి వాసన చూస్తుంది. ఆ తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, పది లెక్కపెట్టి ఉమ్మేస్తుంది. రిజిస్టరులో ఆమె రాతలు చదివితే నవ్వొస్తుంది. "తడిసిన అట్టపెట్టె." "కొత్త చెప్పుల డబ్బా." "పెన్సిలు చెక్కిన పొట్టు." ఆ రాతలను పట్టుకుని నేను మిషన్లతో వెతికితే పదింటిలో తొమ్మిదిసార్లు కారణం దొరికేది. పదోసారి నా మిషనుకే ఆ కారణం కనబడదని నా అనుమానం.

పరీక్షకి ముందు గంటసేపు ఏమీ తినకూడదని మా నియమాల పుస్తకంలో ఉంది. నాలుకక్క నియమం దానికంటే పెద్దది. పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఐదు గంటలకు డ్యూటీ దిగేదాకా ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ నోట పెట్టదు. "పొద్దున పదింటికే పరీక్ష అయిపోతుంది కదక్కా, మధ్యాహ్నం తింటే ఏం?" అని అడిగాను ఒకసారి. "పైపు పగిలేముందు మనకి చెప్పి పగులుతుందా అమ్మాయ్?" అంది.

కాబట్టి ఆమె మధ్యాహ్నం డబ్బాలో ఎప్పుడూ ఒకటే. చప్పటి అన్నం, ఉడికించిన బంగాళాదుంప, ఒక్కోరోజు దోసకాయ ముక్కలు.

మేం భోంచేసే గది పంపుల షెడ్డు వెనక ఉంది. పొడవాటి ఇనప బల్ల ఒకటి, రెండు బెంచీలు. పంపులు తిరుగుతుంటే నేల సన్నగా వణుకుతుంది, గ్లాసుల్లో నీళ్లు గుండ్రంగా చక్రాలు తిరుగుతాయి. ఆ బల్ల దగ్గర నలుగురైదుగురం కూర్చుంటాం. అందరిలోకీ నోరున్నవాడు మీటరు. మీటర్లు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు. నాలుకక్కకి ఆ పేరు పెట్టింది కూడా అతనే.

"అక్కా, ఇవాళ ఏంటి స్పెషల్? తెలుపు మీద తెలుపా?"

"ఆ, నంజుకోవడానికి కాస్త గాలి కూడా తెచ్చుకుంది" అని స్టోరు బాబాయ్ అందుకునేవాడు. స్టోరు చూసుకునే పెద్దమనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు.

"ఇంతకీ ఈ పథ్యం ఏంటి, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయిందక్కా? కుట్లు విప్పారా?"

ఈ కుట్ల మాట వారానికి మూడుసార్లయినా వచ్చేది. నాలుకక్క నవ్వేది. ముద్ద నమిలేది. మింగేది. మళ్లీ ముద్ద కలిపేది. ఒక్క మాట తిరిగి అనేది కాదు. నేను కొత్తలో అది పిరికితనం అనుకున్నాను.

నేను చేరిన రెండో నెలలో మీటరు చూపు నా డబ్బా మీద పడింది. పొద్దున్నే పాపకి తినిపించి, క్రెష్‌లో దింపి పరుగెత్తి వచ్చే నాకు వేరే వంట చేసుకునే తీరిక ఉండదు. పాప వదిలేసింది డబ్బాలో సర్దుకునేదాన్ని. మెత్తగా నలిపిన అన్నం, పంటి గాట్లు పడ్డ సగం గుడ్డు.

"మేడమ్‌గారి డబ్బా చూశావా బాబాయ్? పాప తినగా మిగిలింది మేడమ్‌కి. మేడమ్ తినగా మిగిలింది ఎవరికో!"

"ఇప్పటికే సగం నమిలేసి ఉంది కదరా, మేడమ్‌కి పని తగ్గింది."

అందరూ నవ్వారు. మర్నాటి నుంచి నేను మెట్ల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. మూడోరోజు నాలుకక్క వచ్చి, నా డబ్బా మూత పెట్టి, దాన్ని చంకలో ఇరికించుకుని గదిలోకి నడిచింది. డబ్బా వెనకాలే నేనూ వెళ్లాల్సి వచ్చింది. తన పక్కన చోటిచ్చి, "మెట్ల మీద తింటే అరగదు" అంది, అంతే. అప్పట్నుంచి మా ఇద్దరి డబ్బాల మీదా జోకులు పంచుకున్నట్టు పడేవి.

నాలుకక్కకి కారమంటే ప్రాణమని వీళ్లెవరికీ తెలియదు. నేను ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను. చిన్న ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, దాని వెనక ఆమె భర్త. టైలరు. ఈమధ్య చూపు మందగించి సూదిలో దారం కూడా నాలుకక్కే ఎక్కించి ఇస్తోంది. ఆ రోజు ఆమె పళ్లెంలో అన్నం కంటే ఎర్రటి కారమే ఎక్కువ ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపకుండా తింటోంది. "వారమంతా మా వంటకి వాసన చూసి ఉప్పు వేస్తుంది, రుచి నేను చెప్పాలి" అన్నాడాయన. "ఆదివారం మాత్రం దగ్గరికి పోకూడదు. వేలు కొరికేస్తుంది."

ఇలాంటి మనిషి ఆరు రోజులు పగలంతా చప్పటి దుంప తింటోంది. పన్నెండేళ్లుగా.

ఇక ఆ రోజు సంగతి.

నాలుకక్క ఉద్యోగం ఏడాదికొకసారి పొడిగించేది. పై అధికారి సంతకం పెట్టాలి. మేం ఆయన్ని పెద్దసారు అంటాం. పాత పెద్దాయన పోయాక వచ్చాడు. "ఈ రోజుల్లో ముక్కుతో పరీక్షేంటండీ, నలుగురు వింటే నవ్వుతారు" అని ఆయన ఎవరితోనో ఫోనులో అంటుంటే నేను విన్నాను. ఆ కాగితం మూడు వారాలుగా ఆయన బల్ల మీద పేపరువెయిటు కింద ఉంది. నెలాఖరుతో గడువు తీరిపోతుంది. ఆ రోజు ఇరవైనాలుగు. ఈ పని పోతే ఆమె మళ్లీ సీసాలు కడుక్కోవాలి. సీసాలు కడగడానికి కిందటేడు మిషను వచ్చేసింది.

బల్ల దగ్గర కూర్చోగానే మీటరు అడిగాడు.

"అక్కా, కాగితం కదిలిందా?"

"లేదు నాయనా."

"అడిగావా?"

"పొద్దున అడిగాను. చూద్దాం అన్నారు."

"చూద్దాం అంటే వచ్చేశావా?" మీటరు ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఊపాడు. నిజానికి ఆమె కోసమే కోపం తెచ్చుకున్నాడు అతను. "ఉప్పూ కారం తినే మనిషైతే అక్కడే కూర్చునేది. సంతకం పెట్టేదాకా కుర్చీలోంచి లేచేది కాదు."

తన నోటి నుంచి ఏ మాట వచ్చిందో అతనికి అప్పుడు తట్టింది. కోపం పోయి మొహం వెలిగిపోయింది.

"అరెరె! సారీ అక్కా! నువ్వు తినవు కదూ! అదీ అసలు సంగతి. ఉప్పూ కారం లేని ఒంటికి పౌరుషం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

స్టోరు బాబాయ్‌కి పొలమారింది. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాట అంత సరిగ్గా అతికింది మరి.

నాలుకక్క నవ్వలేదు. చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసింది. మీటరు డబ్బా తన ముందుకి లాక్కుంది. అందులో ఉల్లిపాయలూ వెల్లుల్లీ నూనెలో ఎర్రగా వేయించిన కూర ఉంది. మూడు ముద్దలు కలుపుకుని తింది. పక్కనున్న పచ్చి ఉల్లిపాయ ముక్క కూడా కొరికింది. కంట్లో చెమ్మ కూడా రాలేదు.

"వచ్చిందా పౌరుషం? చాలా, ఇంకా కావాలా?"

"అబ్బో అబ్బో!" అని బల్ల చరిచాడు మీటరు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషమే వేసింది. గడియారం చూశాను, అలవాటు కొద్దీ. ఒంటిగంటకు పది నిమిషాలు.

ఒకటీ నలభైకి పెద్దసారు తనే ల్యాబులోకి వచ్చాడు. ఆయన వెనకాల ఒకతను ఐదు సీసాలున్న పెట్టె మోసుకొచ్చాడు.

"గుట్ట మీది ట్యాంకు. లోపల కొత్త పూత వేశారు కదా, ఎల్లుండి తెరుద్దామనుకున్నాం. కింది ట్యాంకు మోటారు కాలిపోయింది. ఇవాళ సాయంత్రం ఆరింటికి దీన్లోంచే నీళ్లు వదలాలి. వాల్వు తిప్పాక కుళాయిలకి చేరడానికి మూడు గంటలు. అంటే మూడింటికల్లా నాకు మీ ఇద్దరి సంతకాలు కావాలి."

గుట్ట మీది ట్యాంకు నీళ్లు వెళ్లేది మా వీధికి. మా పాప క్రెష్‌కి.

నా పరీక్షలు ముప్పావుగంటలో అయిపోయాయి. క్లోరిన్ సరిపోయింది, మడ్డి లేదు, అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. కానీ కొత్త పూత సరిగ్గా ఆరకపోతే నీళ్లలోకి దిగేది నా మిషన్లు పట్టుకోలేవు. దానికి పెద్ద ల్యాబుకి పంపాలి, మూడు రోజులు పడుతుంది. మూడింటిలోపల పట్టుకోగలిగింది ఒక్క నాలుకక్కే. నేను ఆమె వైపు చూశాను. ఆమె కుళాయి దగ్గర పుక్కిలిస్తోంది. నాలుగోసారి.

పరీక్షకి ముందు మాకొక పద్ధతి ఉంది. పాత పెద్దాయన పెట్టింది. మూడు గ్లాసుల్లో ఏ వాసనా లేని నీళ్లు పోసి, ఒక్కదాంట్లో మాత్రం తెలిసిన మందు ఒక్క చుక్క వేస్తాను. ఏ గ్లాసులో వేశానో చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాను. అది ఏ గ్లాసో ఆమె చెప్పాలి. చెబితే ఆ రోజుకి ఆమె నాలుక పనికొస్తుందని నేను రిజిస్టరులో "సరి" అని రాస్తాను. నేను చేరిన ఈ ఏడాదిన్నరలో "తప్పు" అన్న మాట రాయలేదు. ఆమె కూనిరాగం తీస్తూ చెప్పేసేది.

ఆ రోజు రాగం లేదు. మొదటి గ్లాసు, రెండోది, మూడోది. మళ్లీ మొదటిది. పెద్దసారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు.

"రెండు" అంది.

జేబులో చీటీ మీద మూడు అని ఉంది.

ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పెద్దసారు నా మొహం చూస్తున్నాడు. ఆయన బల్ల మీద పేపరువెయిటు కింది కాగితం నాకు కళ్ల ముందు కనిపిస్తోంది. "తప్పు" అని రాశానా, ఆయనకి కావలసిన సాకు నేనే అందించినట్టు. "సరి" అని రాస్తే, ఈ నీళ్లు ఎలాంటివో ఎవరికీ తెలియకుండానే ఆరింటికల్లా మా పాప దగ్గర ఉంటాయి. కలం పట్టుకున్నాను. "స" అని రాశాను. నిజంగానే రాశాను, రిజిస్టరులో ఆ పేజీ మీద ఇప్పటికీ ఉంది.

"ఏ నంబరమ్మాయ్?" అంది నాలుకక్క మెల్లగా.

నేను చీటీ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

"చెవులు ఎర్రగా అయిపోయాయి నీకు. కొట్టెయ్ అది."

నేను కొట్టేసేలోపలే ఆమె తలుపు వైపు తిరిగింది.

"సార్, ఇప్పుడు నా నాలుక పనిచేయట్లేదు. మధ్యాహ్నం కారం తిన్నాను. ఉల్లిపాయ కూడా. నాలుగింటికి తిరిగొస్తుంది."

"తిరిగొస్తుందా? ఊరెళ్లిందా?"

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు కూడా నవ్వించడానికి అనలేదు.

"పన్నెండేళ్లుగా డ్యూటీలో నోట పెట్టని మనిషివి, ఇవాళే తిన్నావా? ఎవరు పెట్టారు?"

తలుపు అవతల మీటరు నిలబడి ఉన్నాడు. ఏదో నీళ్ల మీటరు చేతిలో పట్టుకుని, దాన్నే చూస్తున్నాడు.

"ఎవరూ పెట్టలేదు సార్. నా చేత్తో నేనే తిన్నాను."

పెద్దసారు లోపలికి వచ్చి కుప్పె బిరడా తీసి తనే వాసన చూశాడు. "నాకేం రావట్లేదు. వాసనంటూ ఉంటే నాకు రాదా?"

"మీకు రాదు సార్. మీరు సెంటు రాసుకున్నారు."

ఆయన బిరడా ఠక్కున పెట్టేశాడు. "మిషన్లన్నీ బాగానే ఉందంటున్నాయి. సంతకం పెట్టెయ్. నీ కాగితం నా బల్ల మీదే ఉందని తెలుసుగా?"

"తెలుసు సార్."

"తెలిసే అంటున్నావా?"

"నాలుగింటిదాకా ఆగండి సార్" అంది.

పెద్దసారు వెళ్తూ వెళ్తూ నాతో, "ఆలస్యానికి కారణం రిజిస్టరులో రాయండి. ఆవిడ చేతనే రాయించండి" అన్నాడు.

ఆమె రాసింది. "కారం తిన్నాను. నాలుక పనిచేయడం లేదు. నాలుగు గంటలకు మళ్లీ చూస్తాను." కింద సంతకం.

ఆ తర్వాత గంటన్నర ఎలా గడిచిందో చెప్పలేను. ఆమె గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించింది, ఎండు రొట్టె ముక్క నమిలి ఉమ్మేసింది, బయట వడపోత తొట్ల చుట్టూ మోకాళ్లు పట్టుకుంటూ నడిచింది. నేను కిటికీ లోంచి ఆమెను చూస్తూ, మూడు కాగానే క్రెష్‌కి ఫోన్ చేసి, పాప సీసాలో ఇంటి నుంచి పంపిన నీళ్లు ఎంత మిగిలాయని అడిగాను. "సగం ఉన్నాయి మేడమ్, ఏమైంది?" అన్నారు. ఏమీ లేదన్నాను. మూడుంబావుకి నాలుకక్క లోపలికొచ్చి గ్లాసులు పెట్టమంది. పెట్టాను. మళ్లీ తప్పే చెప్పింది. బయటికి వెళ్లిపోయింది. ఈసారి నడవలేదు, తొట్టి గట్టు మీద కూర్చుంది. పెద్దసారు గదిలో ఫోను మోగుతూనే ఉంది.

నాలుగింటికి మూడోసారి గ్లాసులు పెట్టాను. "ఒకటి" అంది. సరిపోయింది. కానీ మూడు గ్లాసుల్లో ఊరికే చెప్పినా మూడోవంతు అవకాశం ఉంటుంది, లెక్క ఒప్పుకోదు. "ఇంకోసారి" అన్నాను. "పెట్టు" అంది. "మూడు." సరిపోయింది. తొమ్మిదింట ఒక వంతు. "ఇంకోసారక్కా." నా తొందరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

ఈసారి ఆమె మూడూ చూసింది. మళ్లీ చూసింది. నుదురు ముడిపడింది. తలుపు దగ్గరికి పెద్దసారు వచ్చి నిలబడ్డాడు. నా చేతిలో చీటీ మీద రెండు అని ఉంది.

"దేన్లోనూ లేదు" అంది.

నేను చీటీ మళ్లీ చూసుకున్నాను.

"మూడిట్లోనూ ఏమీ లేదమ్మాయ్. చుక్క వేశావా నువ్వు?"

మందు సీసా వైపు చూశాను. దాని మూత తీయనే లేదు.

నాలుకక్క నా వీపు మీద ఒక చరుపు చరిచి, గుట్ట మీది ట్యాంకు కుప్పెలు దగ్గరికి లాక్కుంది. ఐదూ వాసన చూసింది. ఐదూ నోట్లో పోసుకుని పది లెక్కపెట్టింది. కలం తీసుకుని రాసింది. "నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి." సంతకం పెట్టింది. నాలుగూ ఇరవై.

పెద్దసారు రిజిస్టరు తీసుకున్నాడు. "చూశావా? ఏమీ లేదు. ఈ మాటే రెండున్నరకి రాసి ఉంటే ఆరింటికి నీళ్లు వచ్చేవి."

"రెండున్నరకి నాకు తెలియదు సార్" అంది నాలుకక్క.

ఆ సాయంత్రం మా వైపు నీళ్లు ఏడూ ఇరవైకి వచ్చాయి. ఆఫీసుకి వందల ఫోన్లు వచ్చాయట. మర్నాడు నాలుకక్కకి మెమో ఇచ్చారు. డ్యూటీలో నిర్లక్ష్యం అని. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఇరవైతొమ్మిదిన పొడిగింపు కాగితం కూడా వచ్చింది. ఏడాదికి కాదు, ఆరు నెలలకి. పెద్దసారు అందులో తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు. "ప్రతిరోజూ మూడు గ్లాసుల పరీక్ష రెండుసార్లు జరగాలి" అని. అది శిక్షో మెచ్చుకోలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆమెను అడిగితే, "పని పెంచాడు, అంతేగా" అంది.

బల్ల దగ్గర మీటరు నాలుగు రోజులు మాట్లాడలేదు. డబ్బా మూత సగం తెరిచి, అటు తిరిగి తినేసి లేచేవాడు. ఐదోరోజు ఉండబట్టలేకపోయాడు. పుట్టుకతో వచ్చిన నోరు ఎక్కడికి పోతుంది.

"అక్కా... కుట్లు మానాయా?"

స్టోరు బాబాయ్ గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. నాలుకక్క నోట్లో ముద్ద ఉంది. తాపీగా నమిలింది. మింగింది. నీళ్లు తాగింది.

"నావి మానాయి నాయనా. మిగిలిన దారం నీ నోటికి వాడదామని మా ఆయన్ని అడుగుతున్నా."

అందరికంటే ఎక్కువగా మీటరే నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నంతసేపూ ఆమె వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం గ్లాసులు కడుగుతూ అడిగాను. "ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావక్కా? ఇవాళ చెప్పినట్టు మొదట్లోనే చెప్పి ఉంటే ఎప్పుడో నోరు మూసుకునేవాడు."

"మూసుకోడు. నోరున్నవాడు మాట్లాడతాడు. వాడు ఒక మాట విసిరి తన కూడు తను హాయిగా తింటాడు. మండేది మనకి, చల్లారిపోయేది మన అన్నం." చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది. "ఆ రోజు వాడి మాటకి నేను జవాబు చెప్పలేదమ్మాయ్, తిన్నాను. అదీ నేను చేసిన తప్పు. ఎవరైనా నీ డబ్బాలోకి తొంగి చూసి ఏదైనా అన్నారనుకో, ముందు నోట్లో ముద్ద నమిలి మింగు. మింగాక కూడా చెప్పాల్సింది మిగిలి ఉంటే చెప్పు. మిగల్లేదా, ఇంకో ముద్ద కలుపుకో. పౌరుషానికి మాత్రం ఒక్క మెతుకు నోట పెట్టకు. ఇంకొకరి నోటా పెట్టకు."

చివరి మాట నాకెందుకు చెప్పిందో ఆ క్షణం తెలియలేదు. ఆ సాయంత్రం పాప మూతి బిగించి తల అడ్డంగా ఊపుతుంటే, "చూడు, పక్కింటి బాబు ఎంత గబగబా తినేశాడో! నువ్వు తినలేవా?" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. రోజూ అనే మాటే. చెంచా కింద పెట్టాను. ముందు నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని, తాపీగా నమిలి మింగాను. ఇప్పుడు రోజూ అలాగే చేస్తున్నాను.